పుస్తకంలో రాయని చదివింపు

(మంగళవాడ సహవాస కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ యువకులకు వందనాలు. యువకులారా, మీరూ కూర్చోండి. ప్రసంగం కొంచెం పొడుగే.

పావగడ నుంచి మంగళవాడకు వస్తుంటే బస్సు మీద బోర్డు కన్నడంలో ఉంది, బస్సు లోపల మాటలన్నీ తెలుగులో ఉన్నాయి. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, ప్రార్థనలో రెండూ. పటంలో గీత గీసినవాళ్లు మిమ్మల్ని అడిగి గీయలేదు. మీరు మాత్రం ఆ గీతకు ఇటూ అటూ పిల్లనిచ్చి, పిల్లను తెచ్చుకుని, విత్తనాలు బదులు తీసుకుని బతుకుతున్నారు. ఈ రోజు మాకిచ్చిన అంశానికి ఇది మంచి చోటే.

అంశం: ఔదార్యం, పరస్పర పరిచర్య, వాటి ఆత్మీయ ఫలాలు. ఇది మేము చాలాసార్లు మాట్లాడిన అంశమే. పాత నోట్సు తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాం. అలా తేలేకపోవడానికి ఒక కారణం ఉంది. అది ముందు చెప్పాలి.

కొంతకాలం కింద ఈ ప్రాంతంలోనే ఒక ఊళ్లో కూడిక అయ్యాక ఒక అక్క మా దగ్గరకు వచ్చింది. చెనక్కాయ పీకే పనికి, కలుపుకు, ఏ పని దొరికితే ఆ పనికి పోయే మనిషి. మెల్లగా అడిగింది: "అన్నా, ఇస్తే నూరంతలు వస్తుందని చెప్పినారు కదా. మందిరం కట్టడానికి నేను ఫైనాన్సులో అప్పు తీసి అయిదు వేలు ఇచ్చినాను. మందిరం అయింది. నా కంతు వారం వారం పోతానే ఉంది. నూరంతలు ఎప్పుడొస్తుంది?" ఆమె గొంతులో ఎగతాళి లేదు, కోపం కూడా లేదు. బస్సు ఎన్ని గంటలకొస్తుందని అడిగినట్టు అడిగింది.

ఆమెకు ఆ మాట చెప్పిన సేవకుణ్ణి తప్పుపట్టి తప్పించుకోవచ్చు. కానీ అలాంటి మాట మేమూ చెప్పాం. కానుకల ముందు అయిదు నిమిషాలు మాట్లాడమంటే, విత్తనం, పంట, నూరంతలు అని మేమూ చెప్పాం. అప్పు చేసి ఇవ్వమని అనలేదు. అప్పు చేయొద్దని కూడా అనలేదు. కాబట్టి ఈ ప్రసంగాన్ని ఆ అక్కకు ఇవ్వాల్సిన జవాబు అనుకోండి. ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

నూరంతలు అన్న మాట ఎక్కడుందో ముందు చూద్దాం. మార్కు సువార్త పదో అధ్యాయం, 29, 30 వచనాలు తీయండి. ఇంటినీ అన్నదమ్ములనూ తల్లినీ పొలాలనూ తన కోసం విడిచినవాడు ఇప్పుడే, ఈ లోకంలోనే, నూరంతలుగా ఇళ్లనూ అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ తల్లులనూ పిల్లలనూ పొలాలనూ పొందుతాడని ప్రభువు చెప్పాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక మనిషికి నూరుమంది తల్లులు ఎలా వస్తారు? ఇల్లు విడిచినవాడికి నూరిళ్లు రావడమంటే నూరు పట్టాలు చేతికి రావడమా? కాదు. నూరిళ్ల తలుపులు అతనికి తెరుచుకుంటాయని. ఏ ఊరికి పోయినా "రా నాయనా, కాళ్లు కడుక్కో" అనే తల్లి ఉంటుందని. ఆ నూరంతలు ఆకాశం నుంచి మూటగా పడదు. సంఘమే ఆ నూరంతలు. అదే వచనంలో హింసలు కూడా ఉంటాయని ఉంది. కానుకల ముందు ఆ మాట ఎవరూ చదవరు, అది వేరే సంగతి.

అట్లయితే ఆ అక్క ప్రశ్న దేవునికి పోదు, మనకొస్తుంది. ఆమె తన వంతు ఇచ్చింది. ఆమెకు రావలసిన నూరిళ్లు మనవి. ఆమె కంతు కట్టలేని వారం మనలో ఎంతమంది తలుపు తీశాం?

ఇచ్చిపుచ్చుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. పెళ్లిలో చదివింపులు చూడండి. పందిట్లో ఒక మూల బల్ల, బల్ల మీద పుస్తకం, పెన్ను పట్టుకుని చేతిరాత బాగున్న ఒక పిల్లవాడు. ఫలానా ఊరు ఫలానావారు నూట పదహార్లు. గట్టిగా చదువుతారు, రాస్తారు. ఆ పుస్తకం పెళ్లి ఆల్బం కంటే జాగ్రత్తగా బీరువాలో ఉంటుంది. రేపు వాళ్లింట్లో పెళ్లయితే పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా మనం చదివించాలి. దీన్ని మేము తక్కువ చేసి మాట్లాడం. బ్యాంకు మొహం చూడని ఇళ్లలో ఎన్నో పెళ్లిళ్లు ఆ పుస్తకం మీదే జరిగాయి. పొలంలో బదులు పని కూడా ఇంతే. ఈ రోజు మీ చేనుకు మేము, రేపు మా చేనుకు మీరు. ఇది పేదవాళ్లు కనిపెట్టుకున్న బీమా.

అయితే ఆ పుస్తకంలో పేరు లేనివాళ్లు ఉంటారు. చదివించడానికి ఏమీ లేనివాళ్లు, పిలిస్తే తిరిగి పిలవలేనివాళ్లు, భర్త పోయి కొడుకు బెంగళూరు పోయి ఒంటరిగా మిగిలిన ముసలామె. బదులు పనికి రాలేని, కీళ్లు పట్టేసిన మనిషి. లూకా పద్నాలుగో అధ్యాయంలో ప్రభువు ఒక పరిసయ్యుని ఇంట్లో భోజనానికి కూర్చుని, పిలిచినవాడితోనే ఈ సంగతి మాట్లాడాడు. విందు చేస్తే నీ స్నేహితుల్ని, చుట్టాల్ని, ధనవంతులైన పొరుగువాళ్లను పిలవకు, వాళ్లు తిరిగి పిలుస్తారు, నీ లెక్క అక్కడితో సరిపోతుంది; బీదల్ని, కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలువు, వాళ్ల దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు గనుక నీవు ధన్యుడవు అన్నాడు. తిరిగి రాకపోవడమే ధన్యతకు కారణమట. మన లెక్కల పుస్తకానికి ఈ మాట తలకిందులుగా కనిపిస్తుంది. ఆ చదివింపు రాసే పుస్తకం ఈ బల్ల మీద లేదు.

ఇప్పుడు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక, ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు. కానుకల గురించి మాట్లాడేవాళ్లందరూ ఇక్కడికే వస్తారు, అందులోనూ తొమ్మిదో అధ్యాయం ఆరో వచనానికి. కొంచెం విత్తితే కొంచెం పంట, ఎక్కువ విత్తితే ఎక్కువ పంట. నిజమే. ఆ వచనం ఉంది. కానీ పావగడ తాలూకాలో విత్తనం గురించి బయటివాళ్లు పాఠం చెప్పడానికి కొంచెం సిగ్గుండాలి. చెనక్కాయ విత్తనం కొని, వాన చూసి వేసి, మళ్లీ వాన రాక చేను ఎండిపోతే పశువుల్ని తోలినవాళ్లు మీరు. వేసినవన్నీ పండవని మీకు తెలుసు. పండకపోయినా మరుసటి ఏడు మళ్లీ వేశారు. పౌలు మాట మీకే బాగా అర్థం కావాలి. విత్తడం బేరం కాదు. చేతిలో ఉన్నదాన్ని మట్టిలో వదిలి, పైకి చూడడం.

ఈ విత్తనం వచనానికి ముందు పౌలు ఏం చెప్పాడో చూద్దాం. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం అన్యజనుల సంఘాల నుంచి ఆయన చందా పోగుచేస్తున్నాడు. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలైనా శక్తికి మించి ఇచ్చారని సంతోషంగా చెప్పాడు. వెంటనే కొరింథువాళ్లకు మూడు జాగ్రత్తలు చెప్పాడు. ఎనిమిది పన్నెండు: మనసుంటే చాలు, కలిగినదాన్ని బట్టే ఇవ్వడం దేవునికి ఇష్టం, లేనిదాన్ని బట్టి కాదు. ఆ అక్క అప్పు చేసి ఇచ్చింది లేనిదాన్ని బట్టి. ఈ ఒక్క వచనం ఆ రోజు చదివి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు. తర్వాత పదమూడు, పద్నాలుగు: ఇతరులకు సుఖం, మీకు కష్టం కావాలని కాదు, సమానత ఉండాలని. ఇప్పుడు మీ సమృద్ధి వాళ్ల లేమిని తీర్చాలి, మరోసారి వాళ్ల సమృద్ధి మీ లేమిని తీర్చాలి. సమానత అన్న మాట మేము బయటినుంచి తెచ్చి వేదంలో పెట్టలేదు. సామాజిక న్యాయం సామాజిక న్యాయం అంటారు, మీరు సువార్త చెప్పరా అని మమ్మల్ని అడిగేవాళ్లు ఉన్నారు. పౌలు పత్రికలో ఉన్నదే మేము చెప్తున్నాం.

మూడో జాగ్రత్త ఇరవై, ఇరవయ్యొకటి వచనాల్లో ఉంది. ఇంత పెద్ద చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా తీతుతో పాటు, సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి పంపిస్తున్నానని. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలట. అంటే లెక్క. అపొస్తలుడైన పౌలు లెక్క చూపడానికి సాక్షిని పెట్టుకున్నాడు. మన సంఘాల్లో కానుకల లెక్క అడిగితే మాత్రం అడిగినవాడికి ఆత్మ లేదంటారు. యువకులారా, గౌరవంగా అడగండి. పుస్తకం తెరిచి చూపించే పెద్దను ఇంకా ఎక్కువ గౌరవించండి. లెక్క తెరిచి ఉన్నచోట జనం ఇంకా ఎక్కువ ఇస్తారు. ఇది మేము చాలా సంఘాల్లో చూశాం.

బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి మీకందరికీ తెలుసు. మార్కు పన్నెండు. ఆ కథకు సరిగ్గా ముందు వచనంలో ప్రభువు ఏమన్నాడో చూడండి: శాస్త్రులు విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతున్నారని. ఆ మాట అన్న వెంటనే ఆయన కానుకపెట్టె ఎదురుగా కూర్చుని, తనకున్నదంతా వేసిన విధవరాలిని చూపించాడు. ఆ తర్వాత పదమూడో అధ్యాయంలో, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదన్నాడు. మూడూ కలిపి చదివితే ఆయన ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడా, ఆమె ఇల్లు ఖాళీ అవుతుంటే చూసి బాధపడ్డాడా అన్నది మేము తేల్చి చెప్పలేం. రెండూ అయి ఉండొచ్చు. ఆమెను చూపించి ఇంకో విధవరాలి ఇల్లు ఖాళీ చేయడం మాత్రం ఆయన ఉద్దేశం కాదు.

ఇదంతా విని, అయితే ఇవ్వక్కర్లేదన్నమాట అని ఎవరూ లేచిపోవద్దు. మన తెలుగు క్రైస్తవుల చరిత్రంతా ఇవ్వడమే. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి పేరు విన్నారా? తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. మన భాష నేర్చుకుని మన మధ్యకు మిషనరీగా వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పూట గడవని ఇళ్లు. వీళ్లు పుచ్చుకునేవాళ్లేగానీ ఇచ్చేవాళ్లు కాదనుకోవడం ఆ రోజుల్లో మామూలే. అజరయ్యగారు అలా అనుకోలేదు. క్రైస్తవ ఔదార్యం మీద ఒక పుస్తకమే రాశారు. పంటల పండుగకు ధాన్యం, కోడి, గుడ్లు, గుమ్మడికాయ, ఎవరికి ఏది ఉంటే అది తెచ్చేవారు. దోర్నకల్ మహాదేవాలయం ఏళ్ల తరబడి మెల్లమెల్లగా లేచి 1939లో ప్రతిష్ఠ అయింది. అందులో ఆ కూలిజనం చెమట ఉంది.

దీనికీ ఆ అక్క అయిదు వేలకూ తేడా ఏమిటని మీరు అడగాలి. మాకు తోచింది చెప్తాం. అక్కడ కోడి ఉన్నవాడు కోడి తెచ్చాడు, వడ్డీకి కోడి తేలేదు. ఊరి పెద్ద దగ్గర తలవంచి నిలబడి ఏళ్లుగా పుచ్చుకోవడమే నేర్చుకున్న మనిషి, మొదటిసారి నిటారుగా నడిచి వచ్చి బల్ల మీద ఏదో పెట్టాడు. ఆ రోజు అతను ఇచ్చేవాడయ్యాడు. దేవుని ఎదుట ఇచ్చేవాడు ఊరి ఎదుట ఎంతకాలం తలవంచుతాడు? ఆత్మీయ ఫలం అంటే మేము ముందుగా తలుచుకునేది ఇదే. ఇవ్వడం బీదవాడి హక్కు. దాన్ని అతని దగ్గర్నుంచి లాక్కోకూడదు, పిండుకోనూ కూడదు.

స్త్రీల పిడికెడు బియ్యం సంగతి కూడా ఇట్లాంటిదే. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. మిజోరాం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టింది ఇప్పటికీ నడుస్తోంది. మన తెలుగు సంఘాల్లోనూ ఈ అలవాటు ఉంది. ఇక్కడైతే పిడికెడు రాగులు, పిడికెడు చెనక్కాయలు కావచ్చు. పిడికెడు తీస్తే కుండ తగ్గదు. అయినా రోజుకు రెండుసార్లు, పొయ్యి ముందు, ఆకలి ఉన్న ఇంకో ఇల్లు గుర్తుకొస్తుంది. ఆ గుర్తు రావడం ప్రార్థన కాదా?

కరవు గురించి ఒక మాట. 1876 నుంచి 78 వరకు వచ్చిన పెద్ద కరవును మన తాతల తాతలు ఈ సీమంతటా చూశారు. మైసూరు సంస్థానం, బళ్లారి, కడప, నెల్లూరు, అన్నీ ఎండిపోయాయి. ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఊరికే గంజి పోయడంతో ఆగకుండా ఆయన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇచ్చాడు. ఆ కాలువ పనిలో ఎందరో మాదిగ కూలీలు బతికారు. జనం బాప్తిస్మం కోసం వస్తే, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరవు తగ్గేదాకా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. సంఖ్య అందరికీ గుర్తుంటుంది. మాకు గుర్తుండిపోయింది ఆపడం. ఇచ్చే చెయ్యి పుచ్చుకునేవాడి మనసును కొనకూడదని ఆయన తెలుసుకున్నాడు.

పక్కనే అనంతపురం ఉంది. అక్కడికి 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చాడు. స్పెయిన్ దేశస్థుడు, యేసు సభ నుంచి బయటికొచ్చినవాడు, మహారాష్ట్రలో రైతులతో పనిచేసి, దేశం విడిచిపొమ్మంటే పోయి మళ్లీ తిరిగొచ్చినవాడు. గ్రామీణాభివృద్ధి సంస్థ, మనమందరం ఆర్డీటీ అనే సంస్థ, ఆయన పెట్టిందే. బత్తలపల్లి ఆసుపత్రికి మీ ఊళ్ల నుంచి కూడా పోయినవాళ్లు ఉంటారు. ఆయన 2009లో అనంతపురంలోనే కన్నుమూశాడు. ఆ సంస్థ కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరు మీద పెట్టారు. ఆ తర్వాత వాళ్లు ఊళ్లలో హుండీలు పెట్టారు. ఒకప్పుడు సాయం పుచ్చుకున్న ఇళ్లే చిల్లర డబ్బులు అందులో వేసి, ఇంకా దిక్కులేనివాళ్ల కోసం ఇస్తున్నాయి. పుచ్చుకున్న చెయ్యి ఇచ్చే చెయ్యి కావడం. పౌలు చెప్పిన "మరోసారి వాళ్ల సమృద్ధి" ఇదే కాబోలు.

ఇక పరస్పర పరిచర్య. పరస్పరం అన్న మాట మీద ఆగుదాం. ఒకవైపే నడిచేది పరస్పరం కాదు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగినప్పుడు పేతురు వద్దన్నాడు. వినయం అనుకుంటాం. సేవ చేయించుకోవడం చేయడం కంటే కష్టం, అందుకే వద్దన్నాడని మాకనిపిస్తుంది. సంఘంలో కొందరు ఎప్పుడూ ఇస్తారు, ఎవరింట్లోనూ నీళ్లు తాగరు. ఒక పేటవాళ్లు ఇంకో పేటవాళ్లకు దుప్పట్లు పంచుతారు, ఆ పేటలో కూర్చుని సంగటి ముద్ద తినరు. దుప్పటి ఇచ్చి గ్లాసు తాకని చెయ్యి ప్రభువు చెయ్యి కాదు. నిన్న రాత్రి ఇక్కడి ఒక ఇంట్లో ముద్ద, చెనక్కాయల ఊరిబిండి పెట్టారు. మళ్లీ వేయించుకుని తిన్నాం. మేము వాక్యం తెచ్చామనుకున్నాం, వాళ్లు మాకు పరిచర్య చేశారు.

ఇంకో విషయం, ఫిర్యాదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో, రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్లు సణిగారు. భాష వేరైనందుకు ముద్ద తగ్గింది. రెండు భాషల మధ్య బతికే మీకు దీన్ని వివరించక్కర్లేదు. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. సంఘంలో పరిచారకుల పని పుట్టింది ఒక ఫిర్యాదు నుంచి.

మన దగ్గరికి వద్దాం. ఈ తాలూకా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని మీ పళ్లే చెప్తాయి, పెద్దవాళ్ల మోకాళ్లు చెప్తాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదన్నది ప్రమాణం. ఎన్నో బోర్లలో దాటింది. ఫిల్టరు నీళ్ల దగ్గర నాణెం వేసి క్యాను నింపుకుంటాం. బండి ఉన్నవాళ్లు రెండు క్యాన్లు తెచ్చుకుంటారు. నడవలేని అవ్వ ఏం తాగుతుంది? బోరు నీళ్లే. ఏ నీళ్లు ఆమె కాళ్లు పట్టేశాయో, కాళ్లు పట్టేశాయి కాబట్టి ఆ నీళ్లే తాగుతుంది. యువకులారా, మీ బండి మీద ఇంకో క్యానుకు చోటుంది. ఒక గిన్నెడు చన్నీళ్లకు కూడా ఫలం పోదని ప్రభువు అన్నాడు. ఇక్కడ ఆ గిన్నె ఇరవై లీటర్ల క్యాను. అయితే క్యాను మోయడంతో మన పని అయిపోదు. ఆ నీళ్లు పరీక్షించమని, అందరికీ మంచినీళ్లు పైపులో ఇవ్వమని పంచాయితీలో అర్జీ పెట్టడం కూడా పరిచర్యే. ఒకటి చేసి ఇంకొకటి వదిలేయొద్దు.

నాగలమడిక వైపు సోలార్ పార్కు చూశారు కదా. సుమారు 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతుల దగ్గర భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలైంది. వరసగా పంటలు పోయిన భూమికి ఖాయంగా డబ్బు రావడం చిన్న విషయం కాదు. కౌలు తీసుకున్న రైతును మేము తప్పుపట్టం. కానీ భూమి లేనివాడికి కౌలు లేదు. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ పీకి బతికిన ఆడవాళ్ల పని పోయింది. గొర్రెలు తోలుకునే బయలు పోయింది. చెనక్కాయ పీకాక చేనులో పరిగె ఏరుకోవడం మీ అందరికీ తెలుసు. పిల్లలు, ముసలివాళ్లు మట్టి గెలికి ఏరుకుంటే సాయంత్రానికి ఒడి నిండేది. ఆ పలకల కింద పరిగె లేదు.

రూతు పరిగె ఏరుకునే బతికింది. పరిగె దానం కాదు, గమనించండి. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో, పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయమని ధర్మశాస్త్రం రైతుకు చెప్పింది. అది పేదవాళ్ల వాటా. బోయజు ఇంకో అడుగు వేసి, కావాలనే కొన్ని పిడికెళ్లు జారవిడవమని పనివాళ్లకు చెప్పాడు. ధర్మశాస్త్రం చెప్పినంత న్యాయం, దాని మీద ఇంకో పిడికెడు ఔదార్యం. న్యాయం చేయకుండా ఔదార్యం చూపిస్తే అది పరిగె లాక్కుని పప్పుబెల్లాలు పంచినట్టు. మన సంఘాల్లో కౌలు వచ్చే ఇల్లుంది, కూలి పోయిన ఇల్లుంది. ఒకే ఆరాధనకు వస్తారు. కౌలు డబ్బుకు అంచు ఎక్కడుంది? ఎవరి కోసం కోయకుండా వదలాలి? ఇది మీరు మాట్లాడుకోవాలి. బయటినుంచి వచ్చి మేము చెప్పేది కాదు.

చివరగా సారెపతు విధవరాలు. మొదటి రాజుల గ్రంథం పదిహేడు. పుల్లలు ఏరుకుంటోంది. ఉన్న పిండి కాల్చుకుని తిని, కొడుకూ తనూ చనిపోదామనుకుంటోంది. పరదేశి ఏలీయా వచ్చి నాకు ముందు పెట్టమన్నాడు. పెట్టింది. ఆమెకు ఏం వచ్చింది? తొట్టి నిండలేదు. బుడ్డి పొంగలేదు. పిండి అయిపోలేదు, నూనె తక్కువ కాలేదు, అంతే. రేపటి పిండి రేపటికి ఉంది. కరవంతా ఆమె పేదదే. ఇంట్లో ఇద్దరు తినేవాళ్లు ముగ్గురయ్యారు. భయం మాత్రం పోయింది. నూరంతలు లెక్కపెట్టుకునేవాళ్లకు ఇది చాలా చిన్న అద్భుతం. కరవు చూసినవాళ్లకు ఇంతకంటే పెద్ద అద్భుతం తెలియదు.

మొన్న ఇటు వస్తూ ఆ అక్కను మళ్లీ కలిశాం. ఆ రోజు తప్పు చెప్పామని, క్షమించమని అడగడానికే పోయాం. మజ్జిగ ఇచ్చింది. కంతుల సంగతి అడిగాం. మధ్యలో జ్వరమొచ్చి మూడు వారాలు పనికి పోలేదట. ఆమెతో కలిసి ఒకే సాలులో కాయ పీకే నలుగురు ఆడవాళ్లు వంతులేసుకుని ఆ మూడు కంతులూ కట్టారట. తిరిగి ఇస్తానంటే, "రాసుకోలేదులే అక్కా" అన్నారట. ఆ నలుగురూ ఏ గుడికి పోతారో, ఏ మందిరానికి వస్తారో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు.

ప్రార్థన చేసుకుందాం. ప్రార్థన అయ్యాక బల్ల మీద ఈ కూడిక ఖర్చుల కాగితం పెడతాం, ఎవరైనా చూడొచ్చు. తర్వాత భోజనం. పెద్దవాళ్లు, పిల్లలు లేవక్కర్లేదు, కూర్చున్నచోటికే ఆకులు వస్తాయి. గోడకు ఆనుకుని ఇంకా నిలబడే ఉన్న యువకులారా, వడ్డన మీది. నీళ్లు ముందు పొయ్యండి. మాకు చివరన పెట్టండి.